తొలి ఇంజెక్షన్ వేసే అధికారం నర్సుకు ఇవ్వండి: అడ్రినల్ లోపం ఉన్న రోగుల తరఫున బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య, ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, రెండు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్ల బాధ్యులకు, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల నర్సింగ్ సూపరింటెండెంట్లకు నమస్కరించి రాయునది.

అడ్రినల్ గ్రంథులు పనిచేయని రోగి వాంతులతో, పడిపోయిన బీపీతో ఆసుపత్రికి చేరినప్పుడు, పెద్ద డాక్టరు వచ్చేదాకా, రక్తపరీక్షల ఫలితాలు తేలేదాకా ఆగకుండా, ఆ సమయానికి డ్యూటీలో ఉన్న నర్సే, ఆ గ్రంథుల హార్మోనుకు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను 100 మిల్లీగ్రాములు వేయడానికి వీలు కల్పించే స్టాండింగ్ ఆర్డరును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని బోధనాసుపత్రి దాకా అన్ని చోట్లా అమలయ్యేలా జారీ చేయవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ వార్డులో పనిచేసిన నర్సును. ఈ జబ్బుకు మందు ఉంది, అది ఖరీదైనది కాదు, చాలా ఆసుపత్రుల ఎమర్జెన్సీ ట్రేలో ఇప్పటికే ఉంది. లేనిదల్లా దాన్ని సమయానికి వాడే ఏర్పాటు.

రెండు కిడ్నీల పైన ఉండే ఈ చిన్న గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోను రక్తపోటును నిలబెడుతుంది, రక్తంలో చక్కెర పడిపోకుండా చూస్తుంది. ఆరోగ్యవంతుడికి జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా, ప్రమాదంలో గాయపడినా శరీరం దానంతట అదే కార్టిసాల్‌ను మామూలుకంటే ఎన్నో రెట్లు పెంచుకుంటుంది. అడ్రినల్ లోపం ఉన్నవారికి ఆ శక్తి లేదు. వాళ్లకు అవసరమైన హార్మోను మనం ఇస్తేనే ఉంటుంది, ఇవ్వకపోతే లేదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ అడిసన్ 1855లో ఈ జబ్బును వర్ణించిన తర్వాత దాదాపు ఒక శతాబ్దంపాటు వైద్యులు రోగం పేరు చెప్పగలిగారే గాని రోగిని బతికించలేకపోయారు. అడ్రినల్ హార్మోన్లపై పరిశోధనకు కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు నోబెల్ బహుమతి వచ్చిన 1950 ప్రాంతాల్లోనే ఆ పరిస్థితి మారింది. ఇప్పుడు రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌ను రెండు మూడు విడతలుగా వేసుకుంటూ ఈ రోగులు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. అయినా వీళ్లలో కొందరు, అవసరానికి కార్టిసాల్ చాలక బీపీ పడిపోయే అడ్రినల్ సంక్షోభంతో చనిపోతూనే ఉన్నారు. జర్మనీలో జరిగి 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ముందే జబ్బు తెలిసి, జాగ్రత్తలు కూడా నేర్చుకున్న రోగుల్లోనే ఏడాదికి ప్రతి నూరుమందికి ఎనిమిది సంక్షోభాలు నమోదయ్యాయి. జబ్బు సంగతే తెలియనివారు, తెలిసినా ఏమీ నేర్పకుండా ఇంటికి పంపినవారు ఎక్కువగా ఉండే మన దగ్గర ఆ ప్రమాదం అంతకంటే తక్కువగా ఉంటుందని నేను అనుకోలేను.

ఇది అరుదైన జబ్బు కదా, దీనికోసం ప్రత్యేక ఉత్తర్వు ఎందుకని మీకు అనిపించవచ్చు. గ్రంథి స్వయంగా దెబ్బతినే అడిసన్ వ్యాధి అరుదైనదే. కానీ మన క్యాజువాలిటీలకు వచ్చే అడ్రినల్ లోపంలో ఎక్కువ భాగం వేరే దారిన వస్తోంది. కార్టిసాల్‌లా పనిచేసే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 5 మిల్లీగ్రాములు గాని అంతకుమించి గాని నాలుగు వారాలకు పైగా వాడినవారిలో సొంత కార్టిసాల్ తయారీ అణగిపోయే అవకాశం ఉంది. ఆయాసానికి, కీళ్లనొప్పులకు, చర్మవ్యాధులకు, కిడ్నీ జబ్బులకు డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్లు వాడేవారు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్లు కాక, మోకాళ్ల నొప్పులకని పేరులేని పొట్లాల్లో మాత్రలు తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగుతున్నవారు, ఒకసారి రాసిచ్చిన డెక్సామెథసోన్ చీటీతోనే మందుల దుకాణంలో మళ్లీ మళ్లీ కొనుక్కుంటున్నవారు ఉన్నారు. తాము వాడేది స్టెరాయిడ్ అని వీళ్లకు తెలియదు. ఎవరో ‘అది మంచిది కాదట’ అని చెప్పిన రోజున ఒక్కసారిగా ఆపేస్తారు. పది రోజుల తర్వాత విరేచనాలో జ్వరమో తగులుతుంది, మనిషి కూలబడిపోతాడు, క్యాజువాలిటీలో గ్యాస్ట్రోఎంటరైటిస్ అని రాసుకుని సెలైన్ ఎక్కిస్తారు. సెలైన్ ఎన్ని సీసాలు ఎక్కినా బీపీ నిలబడదు.

గ్రంథులు దెబ్బతినడానికి మన దేశంలో క్షయ ఇంకా ఒక ముఖ్య కారణం. పైగా క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ శరీరంలోని కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది కాబట్టి, అడ్రినల్ గ్రంథుల్లో క్షయ ఉన్న రోగికి ఆ మందు మొదలుపెట్టగానే సంక్షోభం రావచ్చు. టీబీ మందులు మొదలుపెట్టాక రోగి కోలుకోవలసిందిపోయి మరింత నీరసించి, వాంతులు చేసుకుంటుంటే దాన్ని మాత్రల వికారంగానే కొట్టిపారేయకూడదన్న సంగతి మందులు పంచే సిబ్బందికి తెలియాలి. మెదడు అడుగున ఉండి అడ్రినల్ గ్రంథులను నడిపించే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నా ఇదే లోపం వస్తుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లులకు పిట్యూటరీ దెబ్బతిని షీహాన్ సిండ్రోమ్ రావడం, రక్తపింజర కాటు తర్వాత నెలలకో ఏళ్లకో పిట్యూటరీ చచ్చుబడటం మన వైద్యులు ఎరిగిన విషయాలే. రక్తపింజరలు తిరిగే పొలాల్లో పనిచేసే జిల్లాలు మనకు తక్కువేమీ కాదు. ఇక పుట్టుకతోనే వచ్చే అడ్రినల్ లోపం. భారత వైద్య పరిశోధన మండలి చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబైలలో చేయించిన నవజాత శిశు పరీక్షల్లో సుమారు 5,700 మందిలో ఒకరికి ఇది బయటపడింది. ఇందులో ఆడబిడ్డకు జననాంగాల తేడా వల్ల పుట్టగానే అనుమానం వస్తుంది. మగబిడ్డ మామూలుగానే కనిపిస్తాడు, రెండో మూడో వారంలో పాలు కక్కుతూ, బరువు తగ్గుతూ, ఒంట్లో నీరంతా పోయి వస్తాడు.

ఈ రోగులను మొదట పోల్చుకోగలిగేది నర్సే. ఈ మాట వృత్తి మీద అభిమానంతో అనడం లేదు, పని స్వభావం అలాంటిది. రోగిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకటి నుంచి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూసేది నర్సు. పై సంఖ్య 20 గాని, కింది సంఖ్య 10 గాని పడిపోతే ఆ రోగిని ఒంటరిగా బాత్రూముకు పంపకూడదని తెలిసినదీ ఆమే. అడిసన్ వ్యాధిలో చర్మం నల్లబడుతుందని పుస్తకాల్లో చదువుకుంటాం గాని, మన ఒంటి రంగు మీద ఆ నలుపు తేలిగ్గా పట్టుబడదు. చిగుళ్లు, నాలుక, అరచేతి గీతలు, వేలి కణుపులు, పాత గాయాల మచ్చలు చూడాలి. ఆధార్ కార్డు మీది ఫొటోను మనిషి పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు తేడా తెలిసిపోతుంది. పిట్యూటరీ కారణంగా వచ్చిన లోపంలో ఈ నలుపు ఉండదు, మనిషి పాలిపోయి ఉంటుంది. అక్కడ ప్రశ్నలే ఆధారం. కాన్పులో రక్తం బాగా పోయిందా అమ్మా, బిడ్డకు పాలు పడ్డాయా, ఆ తర్వాత మళ్లీ నెలసరి వచ్చిందా అని ఒక నడివయసు స్త్రీని అడగగలిగేది, ఆమె దాచకుండా చెప్పేది ఎక్కువగా నర్సుకే. ఆమె కేస్ షీట్‌లో థైరాయిడ్ మాత్ర ఉండి స్టెరాయిడ్ లేకపోతే, ఆ థైరాయిడ్ మాత్రే సంక్షోభాన్ని తేగలదన్న సంగతి కూడా నర్సుకు నేర్పవలసిన వాటిలో ఒకటి.

ఇప్పుడు నేను అడుగుతున్న ఆ తొలి గంట గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. జబ్బు ముందే తెలిసిన రోగి గాని, చాలాకాలం స్టెరాయిడ్లు వాడి ఆపేసిన రోగి గాని ఆగని వాంతులు, కడుపునొప్పి, తడబడే మాట, మగత, పడిపోయిన బీపీ వంటి లక్షణాలతో వస్తే, పెద్దవారికి హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి, నరం దొరక్కపోతే కండకు వెంటనే ఇవ్వాలి. పిల్లల్లో ఏడాదిలోపు వారికి 25, ఒకటి నుంచి ఐదేళ్లవారికి 50, ఆరేళ్లు దాటినవారికి 100 మిల్లీగ్రాములు ఇవ్వవచ్చు. దానితోపాటు పెద్దవారికి మొదటి గంటలో ఒక లీటరు నార్మల్ సెలైన్ ఎక్కించాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారి విషయంలో కనిపెట్టుకుని ఉండాలి. జీఆర్‌బీఎస్ (వేలి చుక్క రక్తంతో చేసే చక్కెర పరీక్ష) చూసి చక్కెర తక్కువగా ఉంటే గ్లూకోజ్ ఇవ్వాలి, పొటాషియం పెరిగి ఉండవచ్చు గనుక ఈసీజీ తీయాలి. కార్టిసాల్ పరీక్షకు రక్తం తీసి పెట్టవచ్చు, కానీ ఆ ఫలితం కోసం ఇంజెక్షన్ ఆపకూడదు. అనుమానం తప్పయినా ఒక్క డోసు హైడ్రోకార్టిసోన్ వల్ల రోగికి చెప్పుకోదగ్గ హాని ఉండదు. అనుమానం నిజమై ఇంజెక్షన్ ఆలస్యమైతే మాత్రం ప్రాణం పోతుంది. ఈ రెంటినీ తూచి చూసినవారెవరికైనా ఆ మొదటి డోసు ఒక సంతకం కోసం ఆగడం న్యాయమని అనిపించదు.

నర్సుల చేతికి ఇంత అధికారం ఇవ్వవచ్చా అన్న సందేహానికి మన ప్రభుత్వాలే ఎప్పుడో జవాబు చెప్పాయి. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ తొలి డోసు ఏఎన్ఎం వేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ సోకిన పసిబిడ్డకు జెంటామైసిన్ తొలి డోసు, టీకా తర్వాత తీవ్రమైన అలర్జీ వచ్చిన బిడ్డకు కండకు ఒక డోసు అడ్రినలిన్ ఇవ్వడానికి కూడా ఆమెకు అనుమతి ఉంది. సబ్ సెంటర్‌లో ఒంటరిగా పనిచేసే ఏఎన్ఎం చేతికి మనం అప్పగించిన ఆ బాధ్యత, బోధనాసుపత్రి క్యాజువాలిటీలో బీఎస్సీ నర్సింగ్ చదివిన స్టాఫ్ నర్సుకు హైడ్రోకార్టిసోన్ విషయంలో లేకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు. రక్తం ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే మా చేతులు వెళ్లేది ఇదే ఇంజెక్షన్ మీదికి. పొడిలో నీళ్లు కలపడం, నెమ్మదిగా ఎక్కించడం మాకు కొత్త పని కాదు. బ్రిటన్‌లో అంబులెన్స్ పారామెడిక్‌లే రోగి ఇంటి దగ్గర ఈ ఇంజెక్షన్ వేస్తారు. మన 108 సేవ 2005లో మొదలై ఇప్పటికి రెండు దశాబ్దాలైంది; అందులోని అత్యవసర వైద్య సిబ్బందికి (ఈఎంటీలకు) ఫోన్‌లో డాక్టరు సలహా అందే ఏర్పాటూ ఉంది. వాళ్లనూ ఈ ఉత్తర్వులో చేర్చండి. ఆదిలాబాద్ అడవి గూడెం నుంచో, అరకు కొండల మీది నుంచో బయలుదేరిన రోగికి హైదరాబాద్, విశాఖపట్నాల్లో ఉన్న ఎండోక్రైనాలజీ నిపుణుడు చాలా దూరం.

తొలి ఇంజెక్షన్‌తో నర్సు పని అయిపోదు, నిజానికి అక్కడే మొదలవుతుంది. తర్వాత ఆరు గంటలకొకసారి 50 మిల్లీగ్రాముల చొప్పున గాని, 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి గాని కొనసాగించాలి. ఇక్కడ చాలామంది గమనించని ప్రమాదం ఒకటి ఉంది. కార్టిసాల్ అందగానే అప్పటిదాకా శరీరం పట్టి ఉంచిన నీరు మూత్రంగా ఒక్కసారి బయటికి వస్తుంది, దాంతో తక్కువగా ఉన్న సోడియం వేగంగా పైకి పోతుంది. 24 గంటల్లో అది 10 మిల్లీమోల్స్‌కు మించి పెరిగితే మెదడులోని నరాల పొర దెబ్బతిని మనిషి శాశ్వతంగా మంచానపడే ముప్పు ఉంది. మూత్రం ఒక్కసారిగా ఎక్కువైందన్న సంగతి ముందు తెలిసేది గంటగంటకూ చార్టు రాసే నర్సుకే. అది చూసి వెంటనే డాక్టరును పిలిచి సోడియం పరీక్షకు రక్తం పంపాలన్నది ఆ ఉత్తర్వులోనే ఉండాలి. ఒక్క నర్సు నలభై మంచాలు చూసుకునే రాత్రి డ్యూటీలో గంటగంటకూ చార్టు రాయడం ఎలా సాధ్యమవుతుందో కూడా అధికారులే ఆలోచించాలి, ఎందుకంటే ఆ లెక్క మా చేతుల్లో లేదు.

వార్డుల్లో రోజూ జరిగే ఒక విషయం నన్ను సంక్షోభాలకంటే ఎక్కువగా బాధపెడుతుంది. ఆపరేషన్ కోసమో స్కానింగ్ కోసమో నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదని కేస్ షీట్‌లో రాసినప్పుడు, మిగతా మాత్రలతోపాటు స్టెరాయిడ్ మాత్రా ఆగిపోతుంది. దాని బదులు ఇంజెక్షన్ రాయాలని ఎవరికీ తోచదు. అడ్రినల్ లోపం ఉన్న రోగికి పెద్ద ఆపరేషన్ చేస్తే మత్తు ఇచ్చేటప్పుడు 100 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు ఇవ్వాలని బ్రిటన్ మత్తువైద్య మార్గదర్శకాలు చెబుతుండగా, ఆపరేషన్ తర్వాత వార్డుకు వచ్చిన రోగికి రెండు పూటలు ఏ స్టెరాయిడూ అందకుండా గడిచిన సందర్భాలు నాకు తెలుసు. మందుల గదిలో స్టాకు లేదని ఒక పూట, రోగి నిద్రపోతున్నాడని ఇంకో పూట తప్పిన డోసు చార్టు మీద ఒక చిన్న అడ్డగీతగా మిగులుతుంది. ఇన్సులిన్‌ను మనం ఎలా చూస్తామో ఈ మాత్రనూ అలాగే చూడాలి: ఆలస్యం కాకూడని మందుల జాబితాలో చేర్చాలి, నర్సు తనంతట తాను ఆపకూడదు, ఆపమని రాస్తే బదులు ఏమిటని అడిగి రాయించుకోవాలి, డ్యూటీ అప్పగించేటప్పుడు పేరుపెట్టి చెప్పాలి. ఉదయపు డోసు ఎనిమిది గంటల మందుల ట్రాలీ వచ్చేదాకా ఆగకూడదు. రోగి కళ్లు తెరిచిన వెంటనే మంచం మీదే అది అందాలి, ఎందుకంటే రాత్రంతా కార్టిసాల్ లేని ఆ శరీరానికి లేచి నిలబడే బలం ఆ మాత్రతోనే వస్తుంది.

డిశ్చార్జి రోజున చెప్పవలసిన మాటలకు కూడా నర్సుకు సమయం కేటాయించాలి. జ్వరం వస్తే మాత్ర రెట్టింపు చేసుకోవాలి, 39 డిగ్రీల సెల్సియస్ (సుమారు 102 ఫారన్‌హీట్) దాటితే మూడింతలు చేసుకోవాలి, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్ కోసం వెంటనే రావాలి. ఈ మూడు మాటలు రోగితోపాటు ఇంట్లో ఇంకొకరికైనా అప్పజెప్పించుకుని పంపాలి. మన ఇళ్లలో ఒంట్లో బాగుండకపోతే మొదట ఆపేది మందులు, తగ్గించేది ఉప్పు. ఉప్పులేని పథ్యం ఎన్నో జబ్బుల్లో మంచిదే కావచ్చు గాని, ఒంట్లో ఉప్పు నిలవని అడిసన్ రోగిని అది నేరుగా ప్రమాదంలోకి నెడుతుంది. ఊరగాయ కావాలని మారాం చేసే ఆ రోగి నోరు కోరుతున్నది శరీరానికి నిజంగా అవసరమైనదే. రెంటచింతల, రామగుండం ఎండల్లో చెమటతో పోయే ఉప్పును దృష్టిలో పెట్టుకుని మే నెలలో ఉప్పు, ఒంట్లో ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర ఎంత పెంచాలో డాక్టరును అడగమని చెప్పాలి. ఏకాదశి ఉపవాసానికైనా, రంజాన్ ఉపవాసానికైనా ముందు డాక్టరుతో మాట్లాడి తీరాలని, భక్తిని నొప్పించకుండా, కానీ గట్టిగా చెప్పాలి.

ప్రతి రోగి జేబులో ఒక కార్డు ఉండాలి. ఇంగ్లండ్‌లో 2020 ఆగస్టులో ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఇలాంటి అత్యవసర స్టెరాయిడ్ కార్డును దేశమంతటా తెచ్చింది. మన కార్డు ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఇంగ్లిష్‌లో, అవసరమైన చోట ఉర్దూలో కూడా ఉండాలి. జబ్బు పేరు, రోజువారీ మోతాదు, ‘ముందు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి, తర్వాత పరీక్షలు చేయండి’ అన్న వాక్యం, చికిత్స చేసే విభాగం ఫోన్ నంబరు ఉంటే చాలు. ఆ కార్డు చూపిన రోగిని క్యాజువాలిటీలో వరుసలో నిలబెట్టకూడదు. మాత్రల సరఫరా గురించి కూడా ఒక విన్నపం. 2022 నాటి జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఫ్లూడ్రోకార్టిసోన్‌ను చేర్చారు. జాబితాలో చేర్చిన మందు జిల్లా ఆసుపత్రి కిటికీ దగ్గర రోగికి దొరకాలి. హైడ్రోకార్టిసోన్ మాత్రలు కూడా అక్కడే, ఒకేసారి రెండు నెలలకు సరిపడా ఇవ్వాలి. కూలి మానుకుని నగరానికి రావలసిన మనిషి ఒక్కోసారి రాలేడు, ఆ వారం మందు ఉండదు.

ఈ ఉత్తర్వు ముసాయిదా తయారుచేసే కమిటీలో ఎండోక్రైనాలజిస్టులు, మత్తువైద్యులు, పిల్లల వైద్యులతోపాటు వార్డులో ప్రస్తుతం పనిచేస్తున్న నర్సులు కనీసం ఇద్దరిని, ఒక ఏఎన్ఎంను, ఒక 108 ఈఎంటీని కూర్చోబెట్టండి. ఉత్తర్వు ఒక్క పేజీకి మించకూడదు, క్యాజువాలిటీలో ఎమర్జెన్సీ ట్రే ఉన్న చోటే గోడకు అంటించాలి. దాని ప్రకారం తొలి డోసు వేసిన నర్సుకు తర్వాత ఆ అనుమానం తప్పని తేలినా శాఖాపరమైన చర్య ఉండదని అందులోనే స్పష్టంగా రాయండి. ఈ వాక్యం లేకపోతే ఉత్తర్వు వచ్చినా చేతులు ముందుకు రావు. రోగి గుమ్మంలోకి వచ్చిన సమయం, ఇంజెక్షన్ వేసిన సమయం పక్కపక్కన రాసే గడిని క్యాజువాలిటీ రిజిస్టరులో పెట్టించి, ఆ రెండింటి మధ్య ఎన్ని నిమిషాలు గడిచాయో ప్రతి నెలా జరిగే సమీక్షలో సూపరింటెండెంట్లను అడగండి.

ఇట్లు,
ప్రభుత్వ బోధనాసుపత్రి స్టాఫ్ నర్సు